జన సమూహంలో ఏకాంతం: దక్కనులో నఖ్ష్‌బందీ సాధన

సాయంకాలం ఆరు గంటలకు అమీర్‌పేట మెట్రో స్టేషనులో నిలబడిన వారికి ఏకాంతమనే మాట వింతగా తోచవచ్చు. 2017 నవంబరులో మొదటి రైళ్ళు నడిచిన ఈ చోట నేడు మియాపూర్–ఎల్.బి.నగర్ మార్గమూ, నాగోల్–రాయదుర్గం మార్గమూ కలుస్తున్నాయి. క్రింద మైత్రీవనం పరిసరాలలో కంప్యూటరు శిక్షణ కోసం వచ్చిన యువకులు కిక్కిరిసి ఉంటారు. వారి కాళ్ళు మెట్లెక్కుతుంటే మనసు రేపటి ఇంటర్వ్యూలో ఉంటుంది. కొద్ది దూరంలో, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి ముందు కూర్చున్న తల్లి మనసు రేపు రానున్న రిపోర్టులో ఉంటుంది.

వర్తమాన క్షణంలో జీవించండనే బోధ నేడు తరచుగా వినిపిస్తోంది. అందుకు సందడికి దూరంగా పోవాలని చాలామంది భావన. ఇస్లామీయ ఆధ్యాత్మిక చరిత్ర చెప్పేది వేరు.

క్రీ.శ. 1072లో మరణించిన ఇమామ్ ఖుషైరీ, సూఫీని ‘ఇబ్నుల్ వఖ్త్’ అనే మాటకు, అనగా క్షణపుత్రుడనే మాటకు, వివరణ ఇచ్చారు. పోయిన క్షణానికై వగచుతూ కూర్చుంటే చేతిలోని క్షణం కూడా పోతుందని ఆ వివరణ సారాంశం. ఇమామ్ గజాలీ (1058–1111) తమ ‘ఇహ్యా’ గ్రంథంలోని 38వ భాగాన్ని మురాఖబా, ముహాసబాలకు కేటాయించారు. మురాఖబా అంటే మనసుపై కాపలా. ముహాసబా అంటే లెక్క చూసుకోవడం. ఆయన ఎన్నుకొన్న ఉపమానం బజారుదే: భాగస్వామితో వ్యాపారం చేసే వర్తకుడు షరతులు చెప్పి, కనిపెట్టి ఉండి, చివరకు లెక్క అడిగినట్లే మనిషి తన మనసును అడగాలి.

12వ శతాబ్దంలో బుఖారా ప్రాంతపు గిజ్దువాన్‌కు చెందిన ఖ్వాజా అబ్దుల్ ఖాలిఖ్ ఈ సాధనకు పారసీలో సూత్రాలు ఏర్పరచారు. ‘హోష్ దర్ దమ్’ అంటే ప్రతి శ్వాసలో మెలకువ. ‘నజర్ బర్ ఖదమ్’ అంటే చూపు అడుగు మీద ఉండడం. ‘ఖల్వత్ దర్ అంజుమన్’ అంటే జన సమూహంలో ఏకాంతం. తరువాత ఖ్వాజా బహావుద్దీన్ నఖ్ష్‌బంద్ (1318–1389) పేరిట మరి మూడు సూత్రాలు చేరాయి. వాటిలో ‘వుఖూఫె జమానీ’ ఒకటి: గడిచిన ఘడియ కృతజ్ఞతకు తగినదా, పశ్చాత్తాపానికి తగినదా అని పరీక్షించుకోవడం.

ఈ మార్గం దక్కనుకు సైనిక శిబిరాల వెంట కూడా వచ్చింది. గిజ్దువాన్‌లోనే జన్మించిన బాబా పలంగ్‌పోష్ (మరణం 1699) మొగల్ సేనాని ఫిరోజ్ జంగ్ సైన్యంతో సంచరించారు. ఈ ఫిరోజ్ జంగ్ మొదటి నిజాముకు తండ్రి. 1687లో, అమీర్‌పేటకు నైరుతి దిశనున్న గోల్కొండను ముట్టడించిన సేనానులలో ఒకరు. పలంగ్‌పోష్ శిష్యులు బాబా షా ముసాఫిర్ మాత్రం ఔరంగాబాదులో (నేటి ఛత్రపతి శంభాజీనగర్) స్థిరపడ్డారు. 18వ శతాబ్దంలో ఆ తకియాలో కాలువ నీటితో తిరిగే పన్‌చక్కీ ఏర్పడింది. అక్కడికి వచ్చే ఫకీరులకు, పేదలకు కావలసిన పిండిని ఆ తిరగలి విసిరేది.

ఒకే సాధన కత్తుల మధ్యనూ సాగింది, తిరగలి ప్రక్కనూ సాగింది. ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయమున్నది. ఏకాగ్రత ఒక్కటే పుణ్యం కాజాలదు. గురి చూసే సైనికుడు సైతం వర్తమానంలోనే ఉంటాడు. ఆ క్షణంలో ఏమి చేస్తున్నామో అడిగేది ముహాసబాయే. అందువల్లనే మన పెద్దలు మెలకువకు లెక్కను జత చేశారు.

హైదరాబాదులో ఈ పరంపరను ‘ముహద్దిసె దక్కన్’ హజ్రత్ అబ్దుల్లా షా నఖ్ష్‌బందీ (మరణం 1964) విద్యతో కలిపి నిలిపారు. హదీసు సంకలనం ‘జుజాజతుల్ మసాబీహ్’ రచించిన ఆ పండితుని సమాధి మిస్రీగంజ్‌లోని నఖ్ష్‌బందీ చమన్‌లో ఉన్నది.

రోజుకు ఐదుసార్లు అజాన్ మనలను చేస్తున్న పని నుండి పిలుస్తుంది. రెండు నమాజుల మధ్యనున్న కాలం మన చేతిలో ఉంటుంది. రైలు కోసం నిలబడిన ఆ యువకుడు ఒక శ్వాసను గమనించి, ఉదయం నుండి ఎవరితో ఎలా మాట్లాడానని తనను తాను అడుగుకొనవచ్చు. ఆసుపత్రి ముందున్న తల్లికి రేపటి రిపోర్టు ఏమి చెబుతుందో తెలియదు. ఆమె ప్రక్కన కూర్చున్న మనకు మాత్రం, ఆమెకు గ్లాసెడు నీళ్ళు ఇవ్వడానికి ఈ క్షణం ఉన్నది.