మత్తుమందు వైద్యంలో జాతి అసమానతలు

శస్త్రచికిత్సలోను, కాన్పులోను నొప్పి తెలియకుండా చేసే అనస్థీషియా వైద్యం రోగి జాతిని బట్టి హెచ్చుతగ్గులుగా అందడాన్ని మత్తుమందు వైద్యంలో జాతి అసమానత అంటారు. దీనిపై ఎక్కువ పరిశోధనలు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జరిగాయి.

చరిత్ర

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించాడు. ఇంచుమించు అదే కాలంలో, 1845-49 మధ్య, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో జె. మారియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీలకు మత్తు ఇవ్వకుండానే పలుమార్లు శస్త్రచికిత్సలు చేశాడు. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రమే తెలుస్తున్నాయి. ఈథర్ అప్పటికి కొత్తదని సిమ్స్‌ను సమర్థించేవారు ఉన్నారు. అయితే బానిసకు వద్దనే హక్కే లేదన్న సంగతికి ఆ వాదంలో సమాధానం లేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు.

కాన్పు సమయంలో

వెన్నులోకి సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించి పురిటినొప్పులు తగ్గించే పద్ధతిని ఎపిడ్యూరల్ అంటారు. జార్జియా రాష్ట్రంలో 1998లో జరిగిన సుమారు 30 వేల కాన్పులను పరిశీలించిన అధ్యయనం 2004లో వెలువడింది. ఎపిడ్యూరల్ పొందినవారు తెల్లజాతి స్త్రీలలో 59.6 శాతం, నల్లజాతిలో 49.5, ఆసియా సంతతిలో 48.2, హిస్పానిక్ స్త్రీలలో 35.3 శాతం. వీరందరూ పేదలకు ప్రభుత్వం కల్పించే మెడికెయిడ్ బీమా గలవారే. కనుక బీమా ఉండడం, లేకపోవడం ఈ తేడాకు కారణం కాజాలదు. హిస్పానిక్ స్త్రీల విషయంలో భాష కొంత అడ్డంకి అనుకోవచ్చును గాని, ఇంగ్లీషే మాతృభాషగా గల నల్లజాతి స్త్రీలకు అది వర్తించదు.

ఈ తేడా అక్కడితో ఆగదు. ఎపిడ్యూరల్ గొట్టం ముందే అమర్చి ఉంటే, అత్యవసరంగా సిజేరియన్ చేయవలసి వచ్చినప్పుడు దాని ద్వారానే మందు ఇవ్వవచ్చు. లేనప్పుడు పూర్తి మత్తు ఇవ్వవలసిన అవసరం పెరుగుతుంది. పూర్తి మత్తులో కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. తల్లి బిడ్డ తొలి ఏడుపు వినలేదు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సిజేరియన్‌కు పూర్తి మత్తు పొందినవారు తెల్లజాతిలో 5.2 శాతం కాగా నల్లజాతిలో 11.3 శాతం.

కారణాలు

నల్లవారి చర్మం మందమని, వారికి నొప్పి తక్కువని నమ్మే వైద్య విద్యార్థులు నేటికీ ఉన్నట్లు 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది. అటువంటి నమ్మకాలు గలవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు.

దోషం పరికరాలలోనూ ఉంది. శస్త్రచికిత్స గదిలో తప్పనిసరి అయిన, కోవిడ్ కాలంలో తెలుగువారి ఇళ్ళకూ చేరిన పల్స్ ఆక్సీమీటరు వేలి గుండా కాంతిని పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను అంచనా కడుతుంది. ముదురు రంగు చర్మంపై అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. 2020 నాటి అధ్యయనం ప్రకారం, పరికరం 92-96 శాతం చూపుతున్నా నిజానికి ఆక్సిజన్ 88 శాతం కన్నా తగ్గిన సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లజాతివారిలో 3.6 శాతం. ఈ పరికరాలను వివిధ చర్మఛాయలవారిపై పరీక్షించాలని సూచించే ముసాయిదాను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో విడుదల చేసింది.