మస్టరు చదివిన గ్రామసభ

ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం చెప్పినది ఇదే. సర్పంచి పిలుపు అనుగ్రహమేమీ కాదు. అయితే బత్తలపల్లె వంటి కరవుసీమ పల్లెల్లో రచ్చకట్టపై కూర్చునేదెవరో, కింద నిలబడేదెవరో చట్టానికి ముందే తేలిపోయి ఉండేది.

ఆ అంతరాన్ని కదిలించినది, నా దృష్టిలో, మస్టరు చదవడమే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నాటి అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లిలో మొదలయింది. ఆ చట్టం 17వ సెక్షను పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఎవరి పేర ఎన్ని దినాలు, ఎంత కూలి అన్నది నలుగురిలో బిగ్గరగా చదివేవారు. ఓటుకున్న చాటు అక్కడ లేదు. చేయని పనికి తన పేరు వినబడితే కూలిమనిషి లేచి "నేను పోలేదు" అనవలె, మేటు ఎదుటనే. మరునాడు పని అడగవలసినదీ ఆ మేటునే.