సంఘారాధనలో అభిరుచుల పేచీ: బస్తర్ నుంచి చూస్తే

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద వినిపించే మాటలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే. కీబోర్డు మోత ఎక్కువైందని ఒకరు, పాత కీర్తనలు మానేశారని మరొకరు, పక్కవాళ్లు ఫోను చూసుకుంటూ కూర్చున్నారని ఇంకొకరు అంటారు. చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కానీ సంఘాలు చీలడానికి ఇలాంటివీ కారణమవుతుంటాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక చర్చి నచ్చకపోతే పక్క వీధిలో మరొకటి ఉంటుంది. బస్తర్ అడవి పల్లెల్లో కొద్ది కుటుంబాలు ఒకే ఇంట్లో చేరి ప్రార్థించే చోట ఆ వీలు లేదు. 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభాలో క్రైస్తవులు 1.92 శాతమే. 2023 జనవరి 2న, మతమార్పిడి వివాదాల నేపథ్యంలో, నారాయణపూర్‌లో ఒక చర్చిని ధ్వంసం చేశారు. ఆ దాడికీ ఆరాధనా పద్ధతులకూ సంబంధం లేదు. అయితే బయట అలాంటి వాతావరణం ఉన్నప్పుడు లోపలివారు విడిపోయి బతకడం కష్టం. నగరంలో వెళ్లిపోవడంతో తీరే పేచీ ఇక్కడ సర్దుకుంటే తప్ప తీరదు.

ఎవరి భాషలో?

బస్తర్‌లో మెథడిస్టు మిషన్ 19వ శతాబ్దం చివరి దశకంలో మొదలైంది. జగదల్‌పూర్‌లో దానికి పునాది వేసిన చార్లెస్ బి. వార్డ్ అంతకుముందు తెలుగునేల మీద, ఇల్లందు ప్రాంతంలో పనిచేసిన మిషనరీ. ఆయన అడుగుపెట్టిన సీమలో హల్బీ అందరినీ కలిపే వ్యవహార భాష. మురియా, మాడియా, దోర్లా సమూహాలు మాట్లాడే గోండీ రూపాలు తెలుగుకు దగ్గరి చుట్టాలు. చదువుకూ కార్యాలయాలకూ హిందీ ఉంది. దక్షిణాన కోంటా వైపు తెలుగు కూడా వినిపిస్తుంది.

ఇలాంటి చోట పాటల ఎంపిక రుచికి సంబంధించినది మాత్రమే కాదు. హిందీ పాట యువకులకు నచ్చవచ్చు, పుస్తకాలూ రికార్డులూ సులువుగా దొరకవచ్చు. గోండీ తప్ప మరో భాష రాని ముసలమ్మ మాత్రం ఆ గంటసేపు ప్రేక్షకురాలిగా మిగిలిపోతుంది. కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయంలో పౌలు ఎత్తిన ప్రశ్న ఇదే: అర్థం కాని ప్రార్థనకు పక్కవాడు ఆమేన్ ఎలా చెబుతాడు?

డోలు ఉండాలా, వద్దా?

రెండో ప్రశ్న మరింత చిక్కు. మురియాలకు మాంద్రి నృత్యంలోని డోలు పుట్టుకతో వచ్చిన లయ. ఆరాధనలో అది మోగితే ఒకరికి దేవుడు తన ఇంటికి వచ్చినట్టుంటుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన మరొకరికి అదే డోలు తాను విడిచి వచ్చిన దేవతల జాతరను గుర్తుచేసి మనసు చెదరగొట్టవచ్చు. ఒకే వాయిద్యం ఒకరికి భక్తి, ఒకరికి ఆటంకం. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి పౌలు చెప్పిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. తినడం తప్పు కాదు, కానీ తోటివాడి మనస్సాక్షి దెబ్బతింటే తన హక్కును తానే వదులుకోవాలి. మరి ఎప్పటివరకు అన్నది ఆ సంఘమే తేల్చుకోవాలి. లేకపోతే ఒకరి భయం అందరికీ శాశ్వత నియమమైపోతుంది.

తెలుగు క్రైస్తవులకు ఇది కొత్త కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) దేశీ రాగాల్లో కీర్తనలు కట్టారు. పాశ్చాత్య బాణీల పక్కన నిలిచిన ఆ కీర్తనలే నేడు ‘పాత పద్ధతి’. భక్తసింగ్ సహవాసాల్లో చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చోవడం అలవాటైంది. కతోలికుల్లో 1969లో రోమ్ ఆమోదించిన 12 అంశాలు నేల మీద కూర్చోవడాన్నీ, హారతినీ పూజలోకి అనుమతించాయి. ఇవి అగ్రవర్ణ ఆచారాలే తప్ప తమవి కావని దళిత క్రైస్తవ ఆలోచనాపరులు అభ్యంతరం చెప్పారు. ‘మన సంస్కృతి’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

పట్టుదల ముదిరితే

జగదల్‌పూర్ కతోలిక మేత్రాసనం కేరళ కేంద్రంగా ఉన్న సీరో మలబార్ సభలో భాగం. పూజలో గురువు ప్రజల వైపు తిరగాలా, బలిపీఠం వైపా అన్న దానిపై ఆ సభ ఏళ్ల తరబడి నలిగింది. కొంత భాగం అటు, కొంత ఇటు అని 2021లో సినడ్ ఏకరూప పద్ధతిని నిర్ణయించింది. ఎర్నాకుళం–అంగమాలిలో చాలామంది ఒప్పుకోలేదు. 2022 నవంబరులో అక్కడి సెయింట్ మేరీస్ బసిలికా మూతపడింది. ఆదివారాల్లో కనీసం ఒక పూజ కొత్త పద్ధతిలో జరగాలన్న రాజీ 2025 జూలై నుంచి అమలులోకి వచ్చింది. రెండు వైపులా ఉన్నవి కేవలం అభిరుచులు కావు, వాదనలే. కానీ గుడి తలుపులు మూసుకున్నాక ఎవరి వాదన గెలిచినా ఆరాధించేవారికి దక్కింది తక్కువ.

గోడ దాటిన శబ్దం

ఆటంకం లోపలివారికే పరిమితం కాదు. చెన్నైలోని ఒక చర్చి లౌడ్‌స్పీకర్లు, డ్రమ్ముల మోతపై కాలనీవాసులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పు ఇచ్చింది. ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని పేర్కొంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఇది అన్ని మతాలకూ వర్తిస్తుంది.

చివరికి అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇది విశ్వాసానికి అవసరమా, నా అలవాటా? దీనివల్ల పక్కవారు పాలుపంచుకోగలుగుతున్నారా? నాకు నచ్చనిదాన్ని మరొకరి కోసం భరించగలనా? ఏకాంత ప్రార్థనలో ఎవరి ఇష్టం వారిది. పదిమందితో కలిసి పాడేటప్పుడు మాత్రం గొంతు కలపాలంటే ముందు పక్కవారి గొంతు వినాలి.