పట్టు జెండా నుంచి పత్తి జెండా దాకా

జెండా మీద సుబ్రహ్మణ్య భారతి రాసిన పాట తమిళనాడులో తెలియనివాళ్ళు అరుదు. పాడుతున్నప్పుడు కళ్ళ ముందు మెదిలేది మూడు రంగుల జెండాయే. కానీ పాటలో ఉన్నది అది కాదు. ఒక పక్క ఇంద్రుడి వజ్రాయుధం, ఇంకో పక్క ముస్లింల నెలవంక, నట్టనడుమ వందేమాతరం అన్న అక్షరాలు. గుడ్డ పట్టుది. కాషాయం లేదు, ఆకుపచ్చ లేదు, రాట్నం లేదు, అశోకుడి చక్రం అసలే లేదు. ఆ జెండా అధికారికంగా ఎక్కడా ఎగరలేదు. పాట మాత్రం నిలిచిపోయింది.

ఆ జెండా కింద ఎవరెవరు నిలబడ్డారో కూడా భారతి వరసపెట్టి చెబుతాడు. తమిళ వీరులు, చేర నాటివాళ్ళు, తుళువలు, కన్నడిగులు, ఒడియాలు, మరాఠాలు. ఆ వరసలో మనమూ ఉన్నాం, గుండె నిబ్బరం గలవాళ్ళుగా. ఇది ఎక్కడో దూరాన కూర్చుని వేసిన లెక్క కాదు. భారతి పెరిగింది తెలుగు మాటల మధ్యే.

కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఎట్టయపురంలో 1882 డిసెంబర్ 11న పుట్టాడాయన. ఆ సంస్థానాన్ని ఏలింది తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల వంశం. పదకొండేళ్ళ పిల్లవాడికి ‘భారతి’ అన్న బిరుదు దక్కింది కూడా ఎట్టయపురంలోనే. కోవిల్‌పట్టి, విళాత్తికుళం, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో కమ్మ నాయుళ్ళు, రెడ్లు, కంబళత్తువాళ్ళు, అరుంధతీయులు తరతరాలుగా ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ వస్తున్నారు. తెలుగు అక్షరాలు రానివాళ్ళే ఎక్కువ. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఈ వలస కుటుంబాల కథనే తమిళంలో ‘గోపల్ల గ్రామం’గా రాశాడు. దాని కొనసాగింపుగా వచ్చిన, స్వాతంత్ర్య పోరాటం ఆ పల్లెకు చేరడాన్ని చెప్పిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

ఈ నేలలో ఒకే భాష మాట్లాడేవాళ్ళంతా ఒకే జెండా కింద నిలబడ్డారనుకుంటే పొరపాటు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ది తెలుగు ఇల్లే, కుంపిణీ పక్షాన నిలిచిన ఎట్టయపురం పాలెగాడిదీ తెలుగు ఇల్లే. 1799 అక్టోబర్ 16న కట్టబొమ్మన్‌ను కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో ఉరి తీశారు. ‘ఎట్టప్పన్’ అంటే తమిళంలో ఇప్పటికీ ద్రోహి అనే అర్థం. ఆ కొలువు నీడనే జాతీయ కవి పుట్టడం చరిత్ర చేసిన చిలిపి పని.

భారతి పాటలోకి వజ్రాయుధం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. కలకత్తాలో సోదరి నివేదితను కలిసి, ఆమెను గురువుగా భావించి, 1908లో అచ్చయిన ‘స్వదేశ గీతంగళ్’ను ఆమెకే అంకితమిచ్చాడు. అంతకు ముందే నివేదిత ఎర్ర గుడ్డ మీద పసుపు రంగు వజ్రాయుధంతో ఒక జెండాను రూపొందించి, 1906 కలకత్తా కాంగ్రెస్ ప్రదర్శనలో పెట్టించింది. దధీచి మహర్షి ఎముకలతో చేసిన ఆయుధం కాబట్టి అది త్యాగానికి గుర్తు. భారతి దాని పక్కన నెలవంకను నిలబెట్టాడు. సూర్యచంద్రుల బొమ్మలతో ఆ రోజుల్లో వచ్చిన కలకత్తా జెండా, 1907 ఆగస్టులో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మేడమ్ కామా ఎగరేసిన జెండా, అన్నీ ఒకే చిక్కు దగ్గర తచ్చాడాయి: ఇంతమందిని ఒక గుడ్డ మీద ఎలా చూపించాలి? అందరూ మొదట మతాల గుర్తుల వైపే చూశారు.

బెజవాడలోనూ జరిగింది అదే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. దేశదేశాల జెండాలను పరిశీలించి, మనకు పనికొచ్చే నమూనాలతో 1916లోనే పుస్తకం వేసిన పింగళి వెంకయ్య గాంధీజీ వెనకాల చాన్నాళ్ళుగా పడుతున్నాడు. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. హిందువులకు ఎరుపు, ముస్లింలకు ఆకుపచ్చ, మీద రాట్నం వేసి తెమ్మని గాంధీజీ అడిగితే వెంకయ్య మూడు గంటల్లో గీసి ఇచ్చాడు. ఆ ఏప్రిల్‌లోనే ‘యంగ్ ఇండియా’లో గాంధీజీ స్వయంగా రాసిన సంగతి ఇది. నమూనా సభ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యమే మేలు చేసింది. తీరిగ్గా ఆలోచిస్తే మిగతా మతాలవాళ్ళకు చోటు లేదని ఆయనకు తట్టింది, తెలుపు వచ్చి చేరింది.

ఇప్పటి జెండాను ఉన్నదున్నట్టు వెంకయ్యే తయారుచేశాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది పూర్తి నిజం కాదు. పునాది ఆయనది, పైకట్టు చాలామందిది. అలా చెబితే ఆయన గొప్పతనం తగ్గేదేమీ లేదు. వెంకయ్య గురించి తక్కువగా చెప్పుకునేది ఇంకోటుంది. కంబోడియా పత్తి మీద చేసిన పరిశోధనకు ఆయనను ‘పత్తి వెంకయ్య’ అనేవాళ్ళు. భారతి తండ్రి చిన్నస్వామి అయ్యర్ కూడా ఎట్టయపురంలో పత్తి మిల్లు పెట్టబోయి చితికిపోయినవాడే. కరుంగణ్ణి పత్తికి పేరుపడ్డ ఈ నల్లరేగడి నేలలో జెండా కథ ఎక్కడ తవ్వినా పత్తి తగులుతుంది. పాటలో పట్టు గుడ్డగా ఉన్న జెండా గాంధీజీ చేతిలో ఖద్దరు అయింది. గుర్తులు ఎన్ని మారినా నా దృష్టిలో అసలు మార్పు అదే. పట్టు కొనగలవాళ్ళు కొందరే. నూలు వడకడం రాట్నం ఉన్న ఎవరి చేతిలోనైనా ఉంది.

అదే 1921 సెప్టెంబర్‌లో మద్రాసులో భారతి కన్నుమూశాడు.

ఆపైన రెండేళ్ళకు విరుదునగర్ వంతు వచ్చింది. ఈ ఊరికి ఒక పాత కథ ఉంది. గెలిచిన రాజ్యాల బిరుదు జెండాలన్నీ మోసుకుంటూ ఒక యోధుడు వచ్చి, దమ్ముంటే నాతో తలపడండని సవాలు విసిరాడట. స్థానికుడొకడు అతణ్ణి మట్టుబెట్టి ఆ జెండాలను చేజిక్కించుకున్నాడట. ఊరి పేరు దాన్నుంచే వచ్చిందంటారు. విరుదుపట్టిగా ఉన్న ఊరు 1923లో విరుదునగర్ అయింది. సరిగ్గా ఆ ఏడే నాగపూర్‌లో జెండా సత్యాగ్రహం. తెల్లవాళ్ళు ఉండే సివిల్ లైన్స్‌లోకి రాట్నం జెండా పట్టుకుని వెళ్ళకూడదని నిషేధం. మే 1 నుంచి ఆగస్టు దాకా వాలంటీర్లు జట్లుజట్లుగా వెళ్ళడం, అరెస్టవడం. జమ్నాలాల్ బజాజ్ జైలుకు పోయాక వల్లభ్‌భాయ్ పటేల్ నడిపించాడు. దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళలో విరుదునగర్ కుర్రాడు కామరాజ్ కూడా ఉన్నాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు.

ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది అన్నాక మా రంగేదని సిక్కులు అడగడం న్యాయమే. 1931లో ఏడుగురితో కమిటీ వేశారు. కన్వీనర్ మన పట్టాభి సీతారామయ్య. మతాల గొడవే లేకుండా మొత్తం కేసరి రంగు, మూలన రాట్నం చాలని కమిటీ చెప్పింది. ఆగస్టులో బొంబాయిలో కూడిన కాంగ్రెస్ కమిటీ దాన్ని పక్కనపెట్టి, ఎరుపు స్థానంలో కాషాయాన్ని పైకి తెచ్చి, తెలుపును నడుమ ఉంచి మూడు రంగులకే ఓటేసింది. రంగులకు మతాలతో సంబంధం లేదనీ, అవి ధైర్యత్యాగాలకు, సత్యశాంతులకు, విశ్వాసానికి గుర్తులనీ తేల్చింది.

1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం పెడుతూ రెండు జెండాలు చూపించాడు. ఒకటి పట్టుది, ఒకటి ఖద్దరుది. రాట్నం పోయి ఇరవై నాలుగు ఆకుల అశోక చక్రం వచ్చింది. ఈ జెండాను రూపొందించినప్పుడు మతాల ఊసే లేదని నెహ్రూ అన్నాడు. 1931 జెండాకైతే ఆ మాట సరే. 1921 నాటి దానికి అతకదు, గాంధీజీ రాతే సాక్ష్యం. ఆ రోజు రంగులకు అర్థం చెప్పినవాళ్ళలో నన్ను బాగా ఆకట్టుకున్నది తిరుత్తణిలో పుట్టిన మన సర్వేపల్లి రాధాకృష్ణన్. కాషాయం పాలకులకు ఉండాల్సిన వైరాగ్యం, తెలుపు సత్యమార్గం, ఆకుపచ్చ మట్టితో, మొక్కతో మనకున్న బంధం, చక్రం ఆగిపోకుండా సాగే ధర్మం అన్నాడు. ఎవరి రంగు ఏది అన్న లెక్క అక్కడితో తీరిపోయింది. మూడు వారాల తరువాత మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఎగిరింది పట్టు జెండాయే. దాన్ని ఇప్పటికీ కోట మ్యూజియంలో చూడొచ్చు. అక్టోబర్‌లో రాజాజీ ఎట్టయపురం వచ్చి భారతి మణిమండపాన్ని ప్రారంభించాడు.

కోవిల్‌పట్టి, శివకాశి అగ్గిపెట్టెల మీద దేవుళ్ళు, పులులు, నెమళ్ళు, పువ్వులు, ఏ బొమ్మయినా కనిపిస్తుంది. జాతీయ జెండాను మాత్రం వ్యాపార గుర్తుగా వాడకూడదు. 1950 నాటి చట్టం ఒప్పుకోదు. దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ మొదటి నంబరు ఇచ్చింది కూడా జెండాకే, ఐఎస్ 1. చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డే వాడాలన్నది దశాబ్దాల నియమం. 2021 డిసెంబర్‌లో జెండా నియమావళిని సవరించి పాలిస్టర్‌నూ, మిల్లు గుడ్డనూ ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ‘హర్ ఘర్ తిరంగా’కు కోట్ల జెండాలు కావలసి వచ్చినప్పుడు ఆ సడలింపు అక్కరకొచ్చింది. ఇంటింటికీ చవగ్గా జెండా అందడం తప్పని నేననను. కానీ పట్టును కాదని పత్తిని ఎందుకు తెచ్చుకున్నామో మరిచిపోయి చేసిన సవరణలా అనిపించింది. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో ప్రమాణాల ప్రకారం జాతీయ జెండాలు కుట్టే ఖాదీ సంఘం 2022లో ఆ సవరణను వెనక్కి తీసుకోమని నిరసనకు దిగింది.