పంచనామా లేని చరిత్ర

గత పదేళ్లుగా పాతబస్తీ గురించి పత్రికల్లో ఒక వార్త పెద్దగా మార్పు లేకుండా వస్తోంది. ఫలానా బస్తీలో తెల్లవారుజామున కార్డన్ సెర్చ్, ఇంతమంది పోలీసులు, సరైన పత్రాలు లేని ఇన్ని ద్విచక్ర వాహనాలు, ఇన్ని ఆటోలు స్వాధీనం, ఇంతమంది అనుమానితులు అదుపులో. ప్రజల్లో భద్రతాభావం కలిగించడమే తమ ఉద్దేశమని అధికారి చెప్పిన మాటతో వార్త ముగుస్తుంది. శాలిబండ అవతల పుట్టి పెరిగినవాణ్ణి. మా బస్తీల చరిత్ర రాద్దామని ఇలాంటి వార్తలు కత్తిరించి దాస్తూ వచ్చాను. వాటిలో బండ్ల లెక్క ఉంటుంది, పోలీసుల లెక్క ఉంటుంది. ఎన్ని ఇళ్లలోకి వెళ్లారు, ఆ ఇంట్లోకే ఎందుకు వెళ్లారు అన్నది మాత్రం ఉండదు.

పత్రికలో లేకపోయినా స్టేషన్లో ఉండాలి కదా అనిపిస్తుంది. చట్టం చెప్పేదీ అదే. వారెంటు లేకుండా ఇల్లు సోదా చేసే అధికారం పోలీసులకు ఉంది, కాదనలేం. కానీ దానికి ముందు ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తూ ఉండాలి. ఆ నేరానికి సంబంధించిన వస్తువు ఆ ఇంట్లో ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. వారెంటు తెచ్చేలోగా అది చేజారుతుందన్న పరిస్థితి ఉండాలి. ఆ కారణాన్ని, వెతుకుతున్న వస్తువును కాగితం మీద రాసి, ఆ కాగితం నకలును వెంటనే మెజిస్ట్రేటుకు పంపాలి. ఇంటాయన అడిగితే ఉచితంగా ఇవ్వాలి. సోదా జరిగేటప్పుడు ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరైనా సాక్షులుగా ఉండాలి, దొరికిన వస్తువుల జాబితా మీద వాళ్ల సంతకాలు ఉండాలి. పాత నేరశిక్షాస్మృతిలో 165, 100 సెక్షన్లుగా ఉన్న ఈ నియమాలు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 185, 103 సెక్షన్లయ్యాయి.

ఒక గల్లీలోని ఇళ్లన్నిటికీ ఒకేసారి వర్తించే కారణం ఏదైనా ఉంటుందా? ఏ నేరం మీద దర్యాప్తు చేస్తున్నట్టు రాస్తారు? రాయడానికి ఏమీ ఉండదు కనుకనే కాగితం పుట్టదు. కాగితం లేని సోదాకు సాక్షీ ఉండడు, జాబితా ఉండదు, రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే చూపించడానికీ ఏమీ మిగలదు. ఊరి చరిత్ర రాసేవాడికి ఇంతకంటే పెద్ద లోటు లేదు.

పోలీసులు మా గడపలకు కొత్తవాళ్లేమీ కాదు. నిజాం కాలంలో నగరానికి కొత్వాలు ఉండేవాడు. 1920 నుంచి 1934 దాకా కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పేరు మా పెద్దవాళ్లు గౌరవంగానే తలిచేవారు. పోలీసు కమిషనర్ కార్యాలయం చాలా కాలం మా పురానీ హవేలీలోనే ఉండేది. ఇంట్లో మనిషిని పట్టుకుపోతే తల్లో, పెళ్లామో నడిచి వెళ్లి ఆ గేటు ముందు కూర్చోవచ్చు. తర్వాత కార్యాలయం బషీర్‌బాగ్‌కు పోయింది. 2022లో బంజారాహిల్స్‌లో కట్టిన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు చేరింది. పురానీ హవేలీ రోజులు బంగారమని నేను అనను. లాఠీ అప్పుడూ ఉంది. కానీ అడగడానికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గేటు కూడా ఉండేది.

నమ్మకం ఎక్కడ తెగిందని మా తరం వాళ్లని అడిగితే చాలామంది మూసీ అవతలి నల్లకుంట పేరే చెబుతారు. 1978 మార్చిలో అక్కడి పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. నిలదీసిన ఆమె భర్తను కొట్టారు. అతను రిక్షా తొక్కి బతికేవాడు. ఆ దెబ్బలకే ప్రాణం పోయింది. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమె వేశ్య అని పోలీసులు ప్రచారం చేశారు. రికార్డు రాసే కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే ముందు నిలబడుతుంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. అక్కడి కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. కమిషన్ నివేదిక ఒకటి చెబితే కోర్టు తీర్పు ఇంకొకటి చెప్పడం ఈ నగరం అలా చూసింది. మత కలహాల రోజులు, 1990 డిసెంబరుతో సహా, వచ్చిపోయాయి. వాటి గురించి చాలామంది రాశారు, ఇక్కడ ఆగను.

2007 మే 18 శుక్రవారం దగ్గర ఆగాలి. మక్కా మసీదులో పేలిన బాంబుకు 9 మంది బలయ్యారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 మంది చనిపోయారు. ఆ వారాల్లో మా చుట్టుపక్కల బస్తీల నుంచి ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్లకు తెలియదు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది రవిచందర్, అక్రమ నిర్బంధం, చిత్రహింసలు నిజమేనని నివేదిక ఇచ్చారు. చివరికి ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, 50 మందికి 20,000 చొప్పున. దాంతోపాటు ఈ కేసుతో వీళ్లకు సంబంధం లేదని చెప్పే ధ్రువపత్రం కూడా ఇచ్చారు. ఆ పరిహారం ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది. పట్టుకుపోయినప్పుడు ఇవ్వని కాగితం ఇన్నేళ్లకు వచ్చిందనీ, వచ్చినా దాని వెంట వచ్చిన మాట నిలవలేదనీ ఆ ఇళ్లలో ఇప్పటికీ బాధపడతారు.

కార్డన్ సెర్చ్ ఈ గాయం ఆరకముందే వచ్చింది. మిలిటెంట్లున్న చోట సైన్యం వాడే పద్ధతి అది. సుమారు నాలుగు, నాలుగున్నర మధ్య గల్లీకి రెండు వైపులా మనుషులు నిలబడతారు. బయటికి పోనివ్వరు, లోపలికి రానివ్వరు. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు సైకిలుతో మూల మీదే ఆగిపోతాడు. తర్వాత తలుపులు తడతారు. మా దగ్గర చాలా ఇళ్లు ఒకే గది. గదికి తలుపు, తలుపుకు పరదా, పరదా తీస్తే పడక. నలుగురు పిల్లలు నేల మీద వరసగా పడుకుని ఉంటారు. బయటివాళ్ల ముందుకు రాని ఆడవాళ్లున్న గదిలోకి వెళ్లేముందు వాళ్లకు చెప్పి, పక్కకు తప్పుకునే వీలివ్వాలని అరెస్టు కోసం ఇంట్లోకి వెళ్లే పోలీసుకు చట్టం స్పష్టంగా చెబుతోంది. నేరమే లేని ఇంట్లో ఆ మర్యాద ఇంకెంత ఉండాలి? ఆధార్ కార్డులు చూపించమంటారు. బండి ఎవరిదంటారు. ముసలాయన ఇనుప పెట్టె లాగి, పెళ్లి ఫోటోల కింద, రేషన్ కార్డు కింద ఆర్సీ కోసం వెతుకుతాడు. ఆ ఆర్సీ మీద ఉండేది మొదట కొన్నవాడి పేరు. మా దగ్గర బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. పేరు మార్పించుకోవడానికి ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగే తీరిక రోజుకూలీకి ఉండదు. ఆ బండి డీసీఎం వ్యాను ఎక్కుతుంది, మర్నాటి పేపర్లో లెక్కకు ఎక్కుతుంది. లాడ్ బజారులో గాజుల పని చేసేవాడికి, పొద్దున్నే మండీకి పోయే కూరగాయల వ్యాపారికి ఆ రోజు కూలి పోయినట్టే.

ఈ తనిఖీలను మెచ్చుకున్నవాళ్లూ మా బస్తీల్లో ఉన్నారు. రాత్రుళ్లు కత్తులు పట్టుకు తిరిగే ముఠాలతో, వడ్డీ ఫైనాన్షియర్ల మనుషులతో విసిగిపోయిన ఆడవాళ్లు మొదట్లో పోలీసులకు చాయ్ పోశారు. వాళ్లది న్యాయమైన ఆశే. ముఠా మనిషి పేరు, అడ్డా స్టేషన్లో రాసే ఉంటాయి. అతని కోసం వారెంటు తీసుకుని అతని ఇంటికే వెళ్లవచ్చు. ఒకడి కోసం గల్లీ అంతటినీ లేపితే, రేపు వాడి గురించి కబురు చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు. పోలీసు పని నడిచేదే ఆ కబుర్ల మీద.

రాత్రి పూట ఇంటి తలుపు తట్టడం మీద సుప్రీంకోర్టు 1962లోనే మాట్లాడింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ ఇంటికి పోలీసులు రాత్రిళ్లు వచ్చి లేపేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని కోర్టు కొట్టేసింది. మిగతా నిఘాను మాత్రం ఉండనిచ్చింది. మన రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు అక్కడితో ఆగలేదు. ఆ నిఘా మొత్తం మనిషి స్వేచ్ఛను హరించేదేనని విడిగా తీర్పు రాశారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెబుతూ సుబ్బారావు వైపే నిలిచింది. శాలిబండలో ఒకే గది ఉన్న ఇంటికీ ఆ తీర్పు వర్తిస్తుంది.

ఇంత ఉన్నా గడప దగ్గర ఏమీ మారకపోవడానికి నాకు కనిపించే కారణం ఒకటుంది. సోదా అక్రమమైనా అందులో దొరికిన సాక్ష్యం చెల్లుతుందని 1973లో పూరణ్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నియమం తప్పినందువల్ల పోలీసులకు కేసులో పోయేదేమీ లేదు. పోయేదంతా ఇంటివాళ్లదే. ఆ నష్టం ఎంతదాకా పోగలదో 2023 జనవరిలో చూశాం. గొలుసు దొంగతనం అనుమానంతో మెదక్‌కు చెందిన ఒక కూలీని హైదరాబాద్‌లో తోబుట్టువు ఇంటి నుంచి తీసుకెళ్లారు. సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడన్నదే ఆధారం. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో అతను చనిపోయాడు. పోలీసులు కొట్టారని అతను చెప్పిన వీడియో బయటికి వచ్చాక హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది.

కొత్త సంహితలో 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని మొబైల్‌తోనైనా వీడియో తీయాలని, దాన్ని ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలని చెబుతోంది. అంటే ఇకనుంచి తలుపు తట్టిన ప్రతిసారీ ఒక రికార్డు పుట్టాలి. మా గల్లీలవాళ్లను నేను కోరేది ఇదే. ఇంట్లోకి వచ్చినవాళ్లను ఏ కేసులో వచ్చారని మర్యాదగా అడగండి. ఏదైనా తీసుకుంటే జాబితా నకలు అడగండి. వీడియో తీస్తున్నారా, ఏ మెజిస్ట్రేటుకు పంపుతారని అడగండి. ఇచ్చినా ఇవ్వకపోయినా తేదీ, వేళ, గల్లీ పేరు ఒక కాగితం మీద రాసిపెట్టండి. బండి స్వాధీనం రసీదులు, చలాన్లు, 2007 నాటి ఉత్తరాలు ఇనుప పెట్టెల అడుగున ఏవైనా ఉంటే పారేయకండి. ఒక జిరాక్స్ నాకు ఇవ్వండి.