కొండ లేని ఊళ్ళో కొండ సైకిలు

పోయిన నెలంతా సంఘం గది వెనక ముగ్గురు ముసలాళ్ళు స్పానర్లు పట్టుకుని ఏం చేస్తున్నారని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ ఇక్కడే రాస్తున్నాం. కాస్త పొడుగు రాత, తీరిగ్గా చదవండి.

సంగతి ఒక మోకాలితో మొదలైంది. మా ముగ్గురిలో ఒకాయనకి ఆపరేషనయింది. డాక్టరు సైకిలు తొక్కమనే చెప్పాడు. కానీ ఆయనది పాతకాలపు నల్ల సైకిలు, 20 కిలోలకి తక్కువుండదు. ఇంటికి నాలుగు మెట్లు. దాన్ని అరుగెక్కించలేక వీధిలోనే వదిలేశాడు. రెండు వానాకాలాలకి తుప్పు పట్టింది. సైకిలు పోయాక టీ కొట్టుకి రావడం మానేశాడు, తర్వాత మంగళవారం సంతకి రావడం మానేశాడు. మనిషి ఇంట్లో పడిపోవడానికి కారణం మోకాలు కాదు, ఆ 20 కిలోలు.

అదే రోజుల్లో ఫరంపేటలో ఒకరింట్లో గేరు సైకిలు పాత సామాన్లవాడికి వేయబోతున్నారని తెలిసింది. కొడుకు ఇంటరు చదివేటప్పుడు కొన్నది. ఇప్పుడతను హైదరాబాదులో ఉద్యోగం. మేము 600 రూపాయలిచ్చి తెచ్చుకున్నాం. కిరాణా కొట్టు కాటా మీద పెడితే 17 కిలోల 600 గ్రాములు. రైల్వే పార్సిలాఫీసులో తూకాలు రాసిన చెయ్యి ఒకటి మాలో ఉంది కాబట్టి మొదటి రోజు నుంచీ లెక్క పుస్తకంలో పడింది.

ఇంతకీ ఈ రకం సైకిలు ఎక్కడ పుట్టింది? అమెరికాలో, కాలిఫోర్నియాలో, టామల్పయిస్ అనే కొండ దగ్గర. 1970లలో అక్కడి కుర్రాళ్ళు ముప్పై నలభై ఏళ్ళ నాటి ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్ళు చవగ్గా కొని, మడ్‌గార్డులూ అలంకారాలూ ఊడదీసి, మట్టి బాటలో కిందికి దూకించేవారు. 1976లో పందెం మొదలుపెట్టారు. దాని పేరు రీప్యాక్. ఎందుకంటే ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలిపోయేది, మళ్ళీ నింపాల్సి వచ్చేది. 1977లో జో బ్రీజ్ ఆ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్‌డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఫ్యాక్టరీ సరుకుగా అమ్మింది. అంటే కొండ సైకిలు పుట్టిందే పాత సైకిలుని విప్పి మళ్ళీ కట్టడంలో. మేము చేసింది దానికి కొత్త కాదు.

మన దేశంలో దారి వేరు. మొదట్లో ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. అన్నీ ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగేవి. తర్వాత 1949లో మద్రాసు అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. ఇవి చేసిన నల్ల సైకిలు ఇంగ్లీషు నమూనానే. దాని మీద పాలక్యాన్లు, ధాన్యం బస్తా, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఎక్కేవారు. ఆ బరువు మొయ్యడానికే దానికంత బరువు. తప్పు సైకిలుది కాదు. 1990లకి కాలం మారింది. బరువు మోటారుసైకిలు మీదికెళ్ళింది, సైకిలు కుర్రాళ్ళ సరదాకి మిగిలింది. అప్పుడు లావు టైర్లు, ముందు స్ప్రింగులు, 18 గేర్లు మన వీధుల్లోకి వచ్చాయి.

కానీ యానాంలో కొండేది? గౌతమి తెచ్చి పోసిన ఒండ్రు నేల మనది. మన చుట్టుపక్కల ఎక్కుడు అంటే ఎదుర్లంక వంతెన ఒక్కటే. అది కూడా లేనప్పుడు సైకిలుతో సహా పంటు ఎక్కి గోదావరి దాటేవాళ్ళం. గేర్ల విషయానికొస్తే, ఫ్రాన్సులోనే వాటికి అంత తేలిగ్గా చోటు దొరకలేదు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో చైను మార్చే గేర్లని 1937లో గానీ ఒప్పుకోలేదు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచి ఏలుబడిలోదే. ఆల్ప్స్ కొండలెక్కే వాళ్ళే అన్నాళ్ళు చైను మార్చే గేర్లు లేకుండా లాగితే, ఫరంపేట నుంచి మెట్టకూరు వెళ్ళడానికి 18 ఎందుకు?

కాబట్టి ఊడదీశాం. గేరు మార్చే సరంజామా అంతా పోయింది. ముందు మూడు పళ్ళ చక్రాల బదులు 38 పళ్ళది ఒక్కటి, వెనక 18 పళ్ళ మామూలు ఫ్రీవీలు. ముందు ఉన్న స్ప్రింగుల ఫోర్కు పేరుకే స్ప్రింగులు, తుప్పుతో బిగిసిపోయి ఉంది. తీసి మామూలు ఇనప ఫోర్కు వేశాం. ఇది కాస్త పొట్టి కావడంతో ముందు వైపు దిగింది, హ్యాండిలు పైకెత్తి సరిచేశాం. ఇనప రిమ్ముల బదులు అల్యూమినియం వేశాం. బరువు ఒక్కటే కాదు, వానలో తడిసిన ఇనప రిమ్ముని బ్రేకు సరిగా పట్టదు. లావు గళ్ళ టైర్ల బదులు సన్నవి వేశాం.

చక్రం కట్టడం మాత్రం మావల్ల కాలేదు. ఒకప్పుడు గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చిన మేస్త్రి గారిని బతిమాలి తెచ్చాం. ఆయన కొట్టు మూసి చాలా ఏళ్ళయింది. చక్రం తిప్పి సుద్దముక్క పక్కన పెట్టారు. సుద్ద అంటుకున్న చోట వంకర. ఆ పక్క పుల్ల వదులు, ఎదురు పుల్ల బిగింపు. చూపు తగ్గింది గానీ వేలు పుల్ల మీద మీటితే ఆయనకి తెలుస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ నేర్చుకునేది కాదు. మేము చేసిన ఘనకార్యం ఒకటే. ఎడమ పెడలుకి ఉల్టా మర ఉంటుందని మరచి, బలంగా తిప్పి మర చెడగొట్టాం. ఆయన తిట్టలేదు, నవ్వారు. అది ఇంకా కష్టమనిపించింది.

మడ్‌గార్డులు, క్యారియరు, గంట మాత్రం తియ్యలేదు. మన బురదకి అవి ఉండాల్సిందే. వాటితో కలిపి చివరి తూకం 13 కిలోల 400. మొత్తం ఖర్చు, సైకిలు ధరతో సహా, 3,900 రూపాయలు.

అరవంలో సైకిలుని మిదివండి అంటారు, కాలితో తొక్కే బండి అని. అరవ బడిలో చదివిన వాళ్ళకి ఆ మాటతో పాటు పుదుక్కోట్టై గుర్తొస్తుంది. 1991 ప్రాంతంలో షీలా రాణి చుంకత్ గారు కలెక్టరుగా ఉన్నప్పుడు, అఱివొళి అనే అక్షరాస్యత ఉద్యమంలో వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళవే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట. బస్సు కోసం, మొగుడి కోసం, అన్న కోసం కాచుకోనక్కర్లేదు. సైకిలు ఇచ్చేది అదే. ముసలితనంలో కూడా అదే కావాలి.

మొన్న మంగళవారం మా మోకాలాయన ఆ సైకిలుని ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో ఫ్రేము పట్టుకుని నాలుగు మెట్లూ దింపాడు. సంతలో వంకాయలు కొన్నాడు. గీసి గీసి బేరమాడాడు కూడా. మాకు అంతే చాలు.

ఇప్పుడు మనవి. మీ అరుగుల కింద, మెట్ల కింద పిల్లలు వదిలేసిన ఇనప సైకిళ్ళు ఉంటాయి. కాటాకి వేసే ముందు మాకొక మాట చెప్పండి. ఫ్రేము విరిగినా భయం లేదు, ఇనుము గనక ఏ వెల్డింగు కొట్లోనైనా అతుకుతుంది. అంతకన్నా ముఖ్యం, మీ పిల్లల్లో ఒకరిద్దరిని పంపండి. సైకిళ్ళు ఇంకా దొరుకుతాయి. మేస్త్రి గారి వేళ్ళకి తెలిసింది ఆయన ఉండగానే ఎవరైనా నేర్చుకోవాలి.

ఉంటాం మరి.