రెడ్ హౌస్ ఒక్కరి కల కాదు

లండన్ శివార్లలో, బెక్స్‌లీహీత్‌లో ఉన్న రెడ్ హౌస్ గురించి కళాచరిత్రలు దాదాపు ఒకే కథ చెబుతూ వస్తున్నాయి: కళాకారుడు విలియం మారిస్ కల కన్నాడు, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ నక్షా గీశాడు, 1860 నాటికి ఇల్లు లేచింది, ఆధునిక గృహనిర్మాణానికి అదే నాంది. 1936లో కళాచరిత్రకారుడు పెవ్‌స్నర్ రాసిన పుస్తకం ఈ కథకు బాగా బలమిచ్చింది. అయితే ఆ ఎర్ర ఇటుక గోడలు, నిటారు కప్పులు, మొనదేలిన కమానులు అంతకుముందే వాస్తుశిల్పులు బటర్‌ఫీల్డ్, స్ట్రీట్ పల్లెల్లో మతగురువులకు కట్టిన ఇళ్ళలో ఉన్నవే. వెబ్, మారిస్ ఇద్దరూ స్ట్రీట్ దగ్గర పనిచేసినవారే. కొత్తదనం గోడల్లో కాదు, గోడల నడుమ సాగిన పనిలో ఉంది.

అందుకు గదుల లోపలి కప్పులే సాక్ష్యం. గచ్చు తడిగా ఉండగానే నమూనా వెంట సన్నని చుక్కలు పొడిచారు; వాటి ఆధారంగా చేయి తిరగనివారు కూడా రంగులు వేయగలరు. మారిస్ స్నేహితుడు, చిత్రకారుడు బర్న్-జోన్స్ గోడలపై బొమ్మలు వేశాడు. మారిస్ భార్య జేన్, ఆమె చెల్లెలు బెస్సీ తెరలు కుట్టారు. ఈ ఉమ్మడి పని నుంచే 1861లో మారిస్, మార్షల్, ఫాక్నర్ అనే గృహాలంకరణ సంస్థ పుట్టింది. ఇదంతా డబ్బున్న స్నేహితుల సరదా కాదా అని అడగవచ్చు. ఆ ఆక్షేపణలో నిజముంది. మారిస్ ఆదాయం డెవన్ రాగి గనుల వాటాల నుంచి వచ్చింది; ఇటుకలు పేర్చినవారి పేర్లు ఈ కథలో వినిపించవు. అయినా ఆ ఇల్లు సహవాసం మీదే నిలిచిందనడానికి దాని పతనమే రుజువు. బర్న్-జోన్స్ కుటుంబం కోసం మరో భాగం కట్టడానికి వెబ్ నక్షాలు కూడా సిద్ధం చేశాడు. 1864లో తమ పసిబిడ్డ చనిపోవడంతో వారు రావడం మానుకున్నారు. మరుసటి ఏడే మారిస్ ఇల్లు వదిలాడు. జబ్బు, లండన్ ప్రయాణం, తగ్గిన రాబడి కూడా కారణాలే, కాదనలేం. కానీ ఆ కష్టాలను భరించడానికి ఉన్న ప్రధాన కారణం స్నేహితులతో పోయింది.

1952 నుంచి ఆర్కిటెక్ట్ టెడ్ హాలంబీ కుటుంబం ఆ ఇంటిని శ్రద్ధగా కాపాడింది. 2003లో అది చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. పదేళ్ళ తర్వాత ఒక పడకగదిలో బీరువా వెనక బైబిల్ దృశ్యాల కుడ్యచిత్రం బయటపడింది. అందులో చిత్రకారిణి ఎలిజబెత్ సిడాల్‌తో సహా పలువురి చేతులున్నాయని నిపుణులు భావిస్తున్నారు. ఇంత సాక్ష్యం దొరికాక కూడా దాన్ని మారిస్ ఒక్కడి ఇల్లుగా చూపడం అన్యాయం. అందుకే సందర్శకులకు తెరిచిన ఇలాంటి ఇళ్ళు పిల్లలచేత పూల అచ్చులు వేయించి పంపితే చాలదు. నలుగురూ కలిసి, నెలల తరబడి, వాడుకునే వస్తువు చేసే చోటు కావాలి. ఆ ఇంటిని చూడబోయే పాఠకులకు ఒక్కమాట: మారిస్ ఎక్కడ పడుకున్నాడని కాదు, జేన్ కుట్టినవి ఎక్కడున్నాయని అడగండి.